ఎగువ మూడడుగులు

నీటి నియంత్రణ శాఖలో అబద్ధాన్ని రద్దు చేస్తూ ఉత్తర్వు వెలువడిన రోజున గోరింకలవాగు ప్రాజెక్టు మీద లష్కర్ ఓదెలు గేటు గొలుసుకు గ్రీజు పూస్తున్నాడు. అబద్ధంతో పాటు నిజాన్ని కూడా రద్దు చేశారన్న సంగతి అతనికి మధ్యాహ్నం చాయ్ తాగేటప్పుడు గాని తెలియలేదు.

పేరుకు ప్రాజెక్టే గాని దానికున్నవి ఒక మట్టికట్ట, ఒక గేటు, ఒక లష్కర్. లష్కర్ అంటే గేటు ఎత్తి దించే మనిషి. గేటు పదడుగులు లేస్తుంది. మోటారు లేదు, కరెంటు లేదు. పైన ఇనుప చట్రంలో పళ్లచక్రం ఉంటుంది, దాని హ్యాండిల్ పట్టుకుని తిప్పాలి. ఒక్క అడుగు లేవడానికి ఒక మనిషి నడుము పడిపోతుంది. ఓదెలు నడుము ఇరవై ఏడేళ్లుగా పడుతూ లేస్తూ ఉంది.

గేటు గది గోడ మీద ఎప్పుడో ఎవరో పెయింటుతో రాయించిన వాక్యం ఒకటుంది: "నీరు ఎర్రగీత దాటితే గేటు పూర్తిగా ఎత్తవలెను." ఇన్నేళ్లలో దీని అర్థమేమిటని ఓదెలు ఎవర్నీ అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు. కట్ట కింద రెండు ఫర్లాంగుల దూరంలో, పల్లంలో, అతని వాడ ఉంది. అరవై ఇళ్లు. అందులో ఒక ఇంట్లో అతని భార్య రాజవ్వ ఉంటుంది. నీళ్లు మట్టికట్ట మీదుగా పొర్లితే కట్ట కోసుకుపోతుంది, కట్ట కోసుకుపోతే వాడ మిగలదు. ఇంత మాత్రం తెలియడానికి వాడలో ఎవరూ బడికి పోనవసరం లేకపోయింది.

శాఖ కమిషనర్ నీలకంఠరావుగారు మాత్రం ఆ వేసవిలో ఒక చల్లని ఊళ్లో జరిగిన సదస్సుకు వెళ్లి చాలా నేర్చుకుని వచ్చారు. నిజానికీ అబద్ధానికీ మధ్య బోలెడంత స్థలం ఉందనీ, తరతరాలుగా దాన్ని ఎవరూ వాడుకోవడం లేదనీ అక్కడ ఒక పండితుడు చెప్పాడు. ఖాళీ స్థలం కనబడితే ఊరుకునే మనిషి కాదాయన. తిరిగొచ్చిన మూడో రోజుకల్లా ఉత్తర్వు తయారైంది:

"ఇకమీదట ఈ శాఖలో ఏ వాక్యమునూ నిజమని గాని అబద్ధమని గాని పేర్కొనరాదు. పదింట ఎన్ని పాళ్లు నిజమో పేర్కొనవలెను. సంపూర్ణ సత్యము పరిపాలనా సౌలభ్యమునకు అవరోధమని గుర్తించడమైనది."

ఈ ఉత్తర్వునూ, కొత్త హాజరు పుస్తకాన్నీ పట్టుకుని ఏఈ సుహాసిని స్కూటీ మీద కట్ట పైకి వచ్చింది. ఏఈ అంటే ఆ ప్రాజెక్టుకు ఇంజనీరు. ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర అయింది, ఇంకా పర్మనెంటు కాలేదు. అందుకని ఏ కాగితం వచ్చినా ముందు భయపడి తర్వాత చదివేది.

"ఓదెలన్నా, ఇయ్యాల డ్యూటీకి వచ్చినవా?"

"నీ ముంగటనే నిలబడ్డ గద మేడం."

"అట్ల కాదు. ఎన్ని పాళ్లు వచ్చినవ్? దగ్గుతున్నవు గదా, ఎనిమిది రాస్తా."

"దగ్గు ఇంట్ల పెట్టి వస్తే పది ఇస్తరా?"

ఆమె నవ్వాపుకుని ఎనిమిది రాసింది. పక్క గడిలో 'పై వ్యక్తి ఓదెలు అగుట' అని ఉంది. గడ్డం మాసి ఉండడం వల్ల అక్కడ తొమ్మిది వేసింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి ఓదెలు ఈ సంగతి చెబితే రాజవ్వ అతణ్ణి కిందికీ పైకీ చూసి, తొమ్మిది ఎక్కువేనంది.

జూన్‌లో జిల్లా కేంద్రంలో అవగాహన సదస్సు పెట్టారు. లష్కర్లను కూడా లారీలో తీసుకెళ్లి వెనక వరసల్లో కూర్చోబెట్టారు. వేదిక మీద కమిషనర్‌గారు, ఆయన పక్కన ఈ శాస్త్రంలో దిట్ట అయిన ప్రొఫెసర్ పరాంకుశాచారి, ఆ చివరొకరు ఈ చివరొకరుగా, ఇంజనీర్ల మీద పెద్ద అధికారులైన ఇద్దరు ఎస్‌ఈలు కూర్చున్నారు. ఈ ఎస్‌ఈలు ఒకే రోజు, ఒకే గంటలో ఉద్యోగంలో చేరినవాళ్లు. ఎవరు సీనియరన్న కేసు కోర్టులో పదకొండేళ్లుగా నడుస్తోంది. ఒకరికి కుర్చీ వేస్తే రెండోవారికి అంతే ఎత్తు కుర్చీ వెయ్యాలి. ఒకరికి విభాగం ఇస్తే రెండోవారికి అంతే బరువున్న విభాగం ఇవ్వాలి. కమిషనర్‌గారు ఆలోచించి ఆలోచించి, కొత్త శాస్త్రాన్ని నిలువునా రెండు చేసి చెరొకటి ఇచ్చారు.

ఒకటి 'మరియు' విభాగం. నీరు ఇన్ని పాళ్లు నిండింది, మరియు నియమం ఇన్ని పాళ్లు నిజం. అయినప్పుడు గేటు ఎంత ఎత్తాలో అది చెబుతుంది. రెండోది 'అయితే' విభాగం. నీరు ఇంత ఉండగా గేటు ఇంత ఎత్తారు, అయితే నియమాన్ని ఎన్ని పాళ్లు పాటించినట్టు అని అది తనిఖీ చేస్తుంది. ఆ రోజు నుంచి శాఖలో ఆ పెద్దమనుషుల అసలు పేర్లు ఎవరూ పలకలేదు. మరియు సారు, అయితే సారు అనే అన్నారు.

ముందుగా నియమానికి పాళ్లు నిర్ణయించాలి. 'నీరు ఎర్రగీత దాటితే గేటు పూర్తిగా ఎత్తవలెను' అన్నది ఎన్ని పాళ్లు నిజం? వెనక వరసలోంచి ఎవరో లష్కర్ "పది" అన్నాడు. కమిషనర్‌గారు జాలిగా చూశారు.

"నియమమును పదికి పది చేసినచో మినహాయింపునకు చోటెక్కడ? మంత్రిగారి విచక్షణాధికారమునకు మూడు పాళ్లు రిజర్వు చేయుచున్నాను. నియమం ఏడు."

హాలంతా చప్పట్లు కొట్టింది. అప్పుడు ప్రొఫెసర్ పరాంకుశాచారి లేచారు. ఆయన సన్నగా, ఎప్పుడూ ఎవరికో క్షమాపణ చెబుతున్నట్టు మాట్లాడతారు.

"అయ్యా, ఒక్క మనవి. 'మరియు' 'అయితే' విడివిడి వస్తువులు కావండి. జంట. ఎంత ఎత్తాలో చెప్పే లెక్కకూ, ఎత్తింది చాలునా అని అడిగే లెక్కకూ పొత్తు కుదరాలి. శాస్త్రంలో మంచి మంచి జంటలు మూడున్నాయి, మీకు నచ్చిన జంటను తీసుకోండి. ఈ జంటలోంచి ఒకరినీ ఆ జంటలోంచి ఒకరినీ మాత్రం తీసుకోకండి. కాపురం చెయ్యవు."

మరియు సారు అప్పటికే తన పద్ధతి ఎంచుకున్నారు. దానికి జోడీ ఏదో ప్రొఫెసర్ చూపించబోతే అయితే సారు మొహం ఎర్రబడింది. "అంటే, వారు ఎంచుకున్న దానికి నేను తోక తగిలించుకోవాలన్నమాట! నా విభాగానికి స్వతంత్ర ప్రతిపత్తి ఉంది" అని చెప్పి, వేరే జంటలోంచి 'అయితే'ను ఎంచుకుని అక్కడికక్కడే సంతకం చేశారు.

"ప్రొఫెసర్‌గారి హెచ్చరికను నాలుగు పాళ్ల మేరకు స్వీకరించడమైనది" అని కమిషనర్‌గారు సభ ముగించారు. తర్వాత భోజనాలు. అవి మాత్రం పది పాళ్లున్నాయని లష్కర్లు ఒప్పుకున్నారు.

జూలై రెండో వారంలో వానలు పట్టాయి. ఎర్రగీతను పదిగా లెక్కిస్తే నీరు ఎనిమిది పాళ్లకు వచ్చింది. ఓదెలు మరియు విభాగానికి ఫోన్ చేశాడు. అక్కడి గుమాస్తా లెక్క కట్టాడు: నీటికి తక్కువ రెండు పాళ్లు, నియమానికి తక్కువ మూడు పాళ్లు, మొత్తం తక్కువ ఐదు. పదిలో ఐదు పోతే ఐదు. గేటు ఐదడుగులు ఎత్తాలి. ఓదెలు నడుం బిగించి ఐదడుగులు ఎత్తాడు, బీడీ ముట్టించాడు.

నాలుగో రోజున అయితే విభాగం నుంచి మెమో వచ్చింది. సుహాసిని చదివి వినిపించింది.

"'మా పద్ధతి ప్రకారం ఎత్తుడు నీటికి సమానమైనచో నియమం సంపూర్ణంగా పాటించినట్లు. సమానం కానిచో ఎంత ఎత్తితివో అంతే పాటించినట్లు. నీరు ఎనిమిది. ఎత్తినది ఐదు. కనుక పాటించినది ఐదు. పాటించవలసినది ఏడు. రెండు పాళ్లు ఎందుకు ఉల్లంఘించితివో వారం దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.'"

"గా సార్లే గద ఐదు అన్నది?"

"ఆ సార్లు మరియు సార్లు. ఈ సార్లు అయితే సార్లు."

మళ్లీ నీరు ఎనిమిదికి వచ్చినప్పుడు ఓదెలు తెలివిగా ఏడడుగులు ఎత్తాడు. అయితే విభాగం సంతోషించింది. మరియు విభాగం నుంచి మెమో వచ్చింది: ఐదు ఎత్తమంటే ఏడు ఎత్తి రెండడుగుల ప్రభుత్వ జలమును అనధికారికంగా విడిచిపెట్టితివి, సంజాయిషీ ఇవ్వవలెను. మూడోసారి సుహాసిని మధ్యేమార్గంగా ఆరడుగులు ఎత్తించింది. ఈసారి ఇద్దరి దగ్గర్నుంచీ మెమోలొచ్చాయి. ఒకటి ఓదెలుకు, ఒకటి ఆమెకు. తనకొచ్చినది ఆమె నాలుగుసార్లు చదువుకుంది.

ఒక పొద్దున ఎస్‌ఈలు ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు తనిఖీకి బయలుదేరారు. నీరు ఎనిమిది మీదే ఉంది. మరియు సారు జీపు తూర్పు మలుపులో కనబడగానే ఓదెలు గేటు ఐదుకు దించాడు. ఆయన చూసి, మెచ్చుకుని, కొబ్బరినీళ్లు తాగి వెళ్లారు. పడమటి మలుపులో అయితే సారు జీపు దుమ్ము లేచింది. ఓదెలు ఏడుకు ఎత్తాడు. మరియు సారు కళ్లజోడు మరిచిపోయి వెనక్కి తిరిగారు. ఆ పూట గేటు ఎన్నిసార్లు లేచి ఎన్నిసార్లు దిగిందో గాని, కింద వాగులో చేపలు పట్టేవాళ్లు వలలు చుట్టుకుని ఇంటికెళ్లిపోయారు. రాత్రి రాజవ్వ అతని వీపుకు ఆముదం రాస్తూ, ఈ మరియు అయితేలను కన్న తల్లులను పేరుపేరునా తలుచుకుంది.

ఈ మెమోల సంగతి విని ప్రొఫెసర్ పరాంకుశాచారి తనంతట తానే బస్సెక్కి వచ్చారు. గేటు గదిలో బల్ల మీద కూర్చుని, రెండు లెక్కలూ సుద్దముక్కతో నేల మీద వేసి చూపించారు. ఓదెలు గొంతుక్కూర్చుని చూశాడు.

"గింతే గద సారూ. ఒక సోలతోని బియ్యం పోసిన్రు, ఇంకో సోలతోని కొలుసుకుంటున్రు. తక్కువైనయని నన్ను దొంగ అంటున్రు."

ప్రొఫెసర్ సుద్దముక్క కింద పెట్టేశారు. "ముప్పై ఏళ్లు పాఠం చెప్పానయ్యా. ఇంత తేలిగ్గా నేను కూడా ఎప్పుడూ చెప్పలేదు."

ఆయన ఆ మాటే ఉత్తరం రాసి కమిషనర్‌గారికి పంపారు. 'అందినది: ఆరు పాళ్లు' అని రసీదు వచ్చింది.

శ్రావణంలో ముసురు పట్టుకుంది. మూడు రోజులు సూర్యుడు కనబడలేదు. పైన కొండల్లో ఎక్కడో కుంభవృష్టి కురిసిందన్నారు. నాలుగో రోజు పొద్దున తొమ్మిదింటికి నీరు ఎర్రగీతను తాకింది. పది పాళ్లు. ఓదెలు ఫోన్ చేశాడు. మరియు విభాగం లెక్క కట్టింది: నీటికి తక్కువ ఏమీ లేదు, నియమానికి తక్కువ మూడు, ఏడడుగులు ఎత్తు. అయితే విభాగం లెక్క కట్టింది: ఏడు ఎత్తితే ఏడు పాటించినట్టు, కావలసింది ఏడే, సరిపోయింది. రెండు విభాగాలకూ ఏకాభిప్రాయం కుదరడం అదే మొదటిసారి. రాజధానిలో మిఠాయి పంచారనీ, పదకొండేళ్ల తర్వాత ఎస్‌ఈలిద్దరూ కరచాలనం చేసుకున్నారనీ తర్వాత తెలిసింది.

ఓదెలు ఏడడుగులు ఎత్తాడు. గంట గడిచింది. నీరు ఎర్రగీతను ముంచి జానెడు పైకి వచ్చింది. ఇంకో అరగంటకు మూరెడు. కట్ట అంచు అక్కణ్ణించి మరో మూరెడే. అలలు కొడుతుంటే మట్టి పెళ్లలు పెళ్లలుగా విరిగి నీళ్లలో పడుతోంది. ఇరవై ఏడేళ్లలో అతను భయపడ్డ రోజులున్నాయి గాని, చేతిలో హ్యాండిల్ ఉండి భయపడ్డ రోజు ఇదొక్కటే. మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి కమిషనర్‌గారే ఎత్తారు, శుభాకాంక్షలు అందుకునే హుషారులో ఉన్నారు.

"సార్, నీళ్లు గీత మీంచి మూరెడు పోయినయి. పది దాటినయి సార్."

"ఏమయ్యా, పదికి మించిన నిండు లేదు. నిర్వచనమందు పది గరిష్ఠం. నువ్వు చూచుచున్నది నిర్వచనమందు లేదు."

"నిర్వచనంల లేకున్న కట్ట మీద ఉన్నయి సార్! మా వాడ మునుగుతది."

"మునుగు అవకాశమును పాళ్లలో వ్రాసి పంపుము."

ఓదెలు ఫోన్ పెట్టేసి సుహాసినికి చేశాడు. ఆమె మండల కేంద్రంలో ఉంది, మధ్యలో వాగు పొంగి రోడ్డు తెగింది. అతను చెప్పింది విని పుస్తకం, కలం ముందుకు లాక్కుంది.

"ఓదెలన్నా, ఏడడుగులని ఆర్డరున్నది. ఏడు దాటొద్దని నేను చెప్తున్న. విన్నవా?"

"విన్న మేడం."

"చెప్పినట్టు రాసుకుంటున్న. ఇగ మూడడుగుల సంగతి నువ్వేదో అంటున్నవు గాని, లైను మంచిగలేదు, నాకేం ఇనపడుత లేదు." ఫోన్ పెట్టెయ్యబోయి ఆగింది. "అన్నా, జల్దీ."

ఓదెలు హ్యాండిల్ పట్టుకున్నాడు. నీటి ఒత్తిడికి గేటు బిగుసుకుపోయి ఉంది. ఎనిమిదో అడుగుకు అరచేతులు చిట్లాయి. తొమ్మిదో అడుగుకు కండువా చుట్టుకున్నాడు. పదో అడుగు ఎలా లేచిందో అతనికి గుర్తులేదు. అరుస్తున్నాడనీ, ఏడుస్తున్నాడనీ కట్ట మీద మేకలు కాసుకునే ముసలాయన తర్వాత చెప్పాడు. మధ్యాహ్నం రెండింటికి నీరు కట్ట అంచుకు బెత్తెడు కింద ఆగింది. మూడింటికి తగ్గడం మొదలైంది. ఓదెలు చక్రం పక్కనే కూలబడి, వాడ వైపు చూస్తూ ఇళ్లు లెక్కపెట్టుకున్నాడు. అరవై.

పది రోజుల్లో విచారణ పెట్టారు. ఎగువ మూడడుగులను ఎవరి అధికారంతో ఎత్తావన్నది మరియు సారు అభియోగం. ఓదెలు చేతులకు కట్లతో నిలబడి, తనకు తెలిసిన ఒకే ఒక్క మాట చెప్పాడు.

"ఎత్తకపోతే కట్ట తెగేది సార్."

"ఎత్తకపోతే కట్ట తెగేది" అని కమిషనర్‌గారు నెమ్మదిగా ఉచ్చరించారు. "ఇది 'అయితే' వాక్యం. ఎన్ని పాళ్లు నిజమో నిపుణులు చెప్పాలి."

ప్రొఫెసర్ పరాంకుశాచారిని సాక్షిగా పిలిచారు. ఆయన నిజం తప్ప మరొకటి చెప్పలేని మనిషి. అదే కొంప ముంచింది.

"పది పాళ్లండి."

ఓదెలు మొహం విప్పారింది.

"కట్ట తెగకపోయినా?" అని అడిగారు కమిషనర్‌గారు.

"అందులో 'ఎత్తకపోతే' అన్న భాగం సున్నా గదండి, ఇతను ఎత్తేశాడు గనక. మొదటి భాగం సున్నా అయితే, ఏ పద్ధతిలో చూసినా వాక్యం పదికి పదీ నిజమే."

"అట్లయినచో 'ఎత్తకపోతే కట్ట తెగేది కాదు' అను వాక్యం?"

"అదీ పదేనండి."

"ఎత్తకపోతే ఆ నీళ్లు పాయసమయ్యేవి అంటే?"

"పదేనండి. కాని అయ్యా, ఇలాంటి చోట ఈ లెక్క వాడకూడదు. కట్ట చూసిన మనిషిని అడగాలి. ఇతన్ని అడగాలి."

"ఇతడు ముద్దాయి" అన్నారు కమిషనర్‌గారు. "ముద్దాయి వాదనా, దాని విరుద్ధ వాదనా సమానంగా సంపూర్ణ సత్యములైనందున రెండూ కొట్టివేయడమైనది."

అప్పుడు అయితే సారు లేచారు. ఓదెలు మీద ప్రేమ కాదు గాని, మరియు సారు నేరమన్నదాన్ని నేరమని ఒప్పుకోవడం ఆయన వల్ల కాలేదు. నీరు పది ఉండగా పదీ ఎత్తాడు గనుక, నియమాన్ని ఇంత సంపూర్ణంగా పాటించిన ఉద్యోగి శాఖ చరిత్రలోనే లేడనీ, ప్రశంసాపత్రం ఇవ్వాలనీ వాదించారు. భోజన విరామం దాకా వాదనలు సాగాయి. విరామం తర్వాత కమిషనర్‌గారు తీర్పు చదివారు. ఓదెలు ఏడు పాళ్లు ప్రశంసనీయుడు, మూడు పాళ్లు దోషి. ఏడు పాళ్లకు ప్రశంసాపత్రం, మూడు పాళ్లకు సస్పెన్షన్.

సుహాసిని ధైర్యం చేసి లేచింది. "సార్, మూడు పాళ్ల సస్పెన్షన్ అంటే నెలకు తొమ్మిది రోజులా?"

"కాదమ్మా. నేరం ఎక్కడ జరిగినదో శిక్ష అక్కడ ఉండవలెను. ఇతడు దిగువ ఏడడుగులకు మాత్రమే లష్కర్. ఎగువ మూడడుగులకు సస్పెండు చేయడమైనది. ఆ మూడడుగుల నిమిత్తం అదనపు లష్కర్ పోస్టు మంజూరు చేయుచున్నాము. భర్తీ అగువరకు ఎగువ మూడడుగులను శాఖ సిబ్బంది ఎవరూ తాకరాదు. తాకినవారిని డిస్మిస్ చేయడమగును."

అద్దం కట్టించిన ప్రశంసాపత్రం పట్టుకుని ఓదెలు ఇంటికొచ్చాడు. రాజవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అద్దం బాగుందంది.

పోస్టు భర్తీ కాలేదు. అభ్యర్థి మనిషి అగుట ఎన్ని పాళ్లుండాలన్న దగ్గర ఫైలు ఆగింది.

భాద్రపదంలో ఒక మధ్యాహ్నం మళ్లీ ఆకాశం నల్లబడింది. మర్నాడు పొద్దున పదింటికల్లా నీరు ఎర్రగీత దాటింది. ఓదెలు ఏడడుగులు ఎత్తి, హ్యాండిల్ వదిలేశాడు. నీరు పెరుగుతూనే ఉంది. రెండు విభాగాలకూ ఫోన్ చేశాడు. ఏడు సరిపోయిందని రెండూ ఒకే మాట చెప్పాయి. అతను హ్యాండిల్ దగ్గరికి వెళ్లాడు, వెనక్కి వచ్చాడు. ఉద్యోగం పోతే పోయింది, ఎత్తినా అది ఈ ఒక్కసారికే పనికొస్తుంది, వచ్చే వానకు ఇక్కడ ఎవరుంటారు? ఇదీ అతన్ని తినేస్తున్న ఆలోచన. అయినా వాడ వైపు చూసేసరికి చేతులు ఆగలేదు. మళ్లీ హ్యాండిల్ వైపు నడిచాడు.

అప్పుడు కట్ట మెట్ల మీద అలికిడయింది. గోనెసంచులు నెత్తిన కప్పుకుని వాడ వాడంతా పైకొస్తోంది. ముందు రాజవ్వ ఉంది.

"నీ ఏడు అయినయా?" అంది.

"అయినయి."

"అయితే జరుగు."

"ఏందే, నువ్వేం జేస్తవ్? అది పానాలు తీసే చక్రం."

"కాయితంల ఏమున్నది? సర్కారు నౌకరు తాకొద్దని ఉన్నది. నేను సర్కారు నౌకరునా? ఈళ్లల్ల ఎవలన్న సర్కారు నౌకరున్నరా? జరుగు."

ఓదెలు జరిగాడు. రాజవ్వ, ఆమె పక్కన ఇంకొకామె, అటువైపు ఇద్దరు మగవాళ్లు హ్యాండిల్ పట్టారు. వెనకాల జనం ఒకరి నడుం ఒకరు పట్టుకున్నారు. చక్రం కదలలేదు. మళ్లీ తోశారు. కిర్రుమని ఒక పన్ను తిరిగింది. ఓదెలు వాళ్ల చుట్టూ తిరుగుతూ, చేతులు నలుపుకుంటూ, "గొలుసు చూడున్రి, మెల్లగ, వెనకకు జారకుంట ఆ ఇనుప నాలుకను వెయ్యున్రి" అని అరుస్తున్నాడు. ఎనిమిదో అడుగు దాటాక చక్రం మొరాయించింది. హ్యాండిల్ రాజవ్వ చేతుల్లోంచి జారి ఎదురు తిరిగింది. ఓదెలు ఒక్క అంగలో ముందుకు దూకాడు. ఆమె మోచేత్తో అతన్ని వెనక్కి నెట్టింది.

"నువ్వు రాకు! నిన్ను ఈడకెల్లి తీసేస్తే రేపు ఆ ఏడు ఎవలెత్తుతరు? ఇయ్యి మావి."

అతను ఆగిపోయాడు. ఇరవై ఏడేళ్లు తిప్పిన చక్రాన్ని తన భార్య తిప్పుతుంటే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. వానకు మొహం తడిసిపోయి ఉంది గనుక అతను ఏడుస్తున్న సంగతి ఎవరికీ తెలియలేదు. గంటంబావుకు గేటు పదడుగులు లేచింది. సాయంత్రానికి నీరు దిగింది.

శాఖలో దీని మీద పెద్దగా గొడవ జరగలేదు. ఏడడుగులు ఉత్తర్వు ప్రకారం లేచాయి. మిగతా మూడు శాఖ సిబ్బంది ఎవరూ తాకకుండా లేచాయి. మరియు విభాగం తన ఏడుతో సంతృప్తి పడింది, అయితే విభాగం పదితో సంతృప్తి పడింది. నెల తిరక్కుండా కమిషనర్‌గారు కొత్త ఉత్తర్వు జారీ చేశారు: ఎగువ మూడడుగుల పని పోస్టు లేకుండానే సక్రమంగా జరుగుచున్నది గనుక, అదనపు లష్కర్ పోస్టు అనవసరమని తేల్చి రద్దు చేయడమైనది. సిబ్బంది తాకరాదను నిషేధం యథాతథంగా ఉండును.

సుహాసిని ఆ కాగితం తెచ్చి చదివి, తలవంచుకుని కూర్చుంది. ఆ ఆదివారం ఎండ కాసింది. ఓదెలు వాడకు పోయి, ఇంటికొకరు చొప్పున అరవై మందిని కట్ట మీదికి తీసుకొచ్చాడు. హ్యాండిల్ ఎక్కడ పట్టాలో, కాలు ఎక్కడ తన్ని పెట్టాలో, గొలుసు ఎప్పుడు మూలుగుతుందో, మూలిగితే ఏం చెయ్యాలో, దూరంగా నిలబడి కర్రతో చూపిస్తూ ఒక్కొక్కరికీ నేర్పాడు. సుహాసిని కాసేపు చూసి, తనూ చీర కొంగు దోపుకుని వరసలో నిలబడింది. ముందు పాఠం రాజవ్వకే చెప్పాల్సి ఉంది గాని, ఆమె అరచేతుల్లో బొబ్బలు ఇంకా మానలేదు.